కొలత తీసుకోని కుర్చీ

ఒకే రోజు, ఒకే షామియానా కింద ఇచ్చిన రెండు బండ్ల సంగతి ముందు చెప్పాలి.

మా మండల కేంద్రంలో జడ్పీ హైస్కూలు గ్రౌండులో ఒక సేవాసంస్థ క్యాంపు పెట్టింది. పేర్లు రాసే బల్ల దగ్గర సాయంగా నేనూ కూర్చున్నాను. తొమ్మిదింటికి రమ్మంటే ఏడింటికల్లా ఆటోలు రావడం మొదలైంది. చంకకర్రల మీద వచ్చినవాళ్లు కొందరు, తల్లుల చంకనెక్కి వచ్చిన పిల్లలు కొందరు. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. ఈలోపు బండ్లన్నీ వరసగా నిలబెట్టి, దాతల పేర్లున్న స్టిక్కర్లు సరిగ్గా కనబడుతున్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాం. కొలిచే టేపు మాత్రం మా ఎవరి దగ్గరా లేదు. ఉండాలని తోచనూ లేదు.

ఆ రోజు ట్రైసైకిల్ తీసుకున్న ఒకాయనకు నలభై దాటి ఉంటాయి. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. అరచేతులకు హవాయి చెప్పులు తొడుక్కుని పాక్కుంటూ వచ్చాడు. ఆరు నెలల తర్వాత బస్టాండు దగ్గర కనిపించాడు. బండి వెనక చెక్కపెట్టె బిగించుకుని నిమ్మకాయలు, కరివేపాకు, కొత్తిమీర అమ్ముతున్నాడు. "ఇదివరకు నాకు జనం మోకాళ్లే కనబడేవి సార్. ఇప్పుడు మొహాలు కనబడుతున్నాయి" అన్నాడు.

అదే రోజు వీల్‌చైర్ తీసుకున్న పాపకు ఎనిమిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ. మెడ నిలబడదు, నడుము నిలబడదు, కాళ్లు కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి పోతాయి. వాళ్లింటికి వెళ్తే వీల్‌చైర్ తలుపు వెనక మడిచి ఉంది. దాని మీద బొంతలు, దుప్పట్లు. "కూచోబెడితే ఓ పక్కకు జారిపోతోందన్నా. చుట్టూ దిండ్లు కూరితే పావుగంట ఉంటుంది, ఆ తర్వాత ఒకటే ఏడుపు. దానికంటే నా చంకే నయం" అంది తల్లి. ఆ కుర్చీ సీటు వెడల్పు పద్దెనిమిది అంగుళాలు. పాప అందులో సగం కూడా నిండదు. పాదాలు ఫుట్‌రెస్టుకు జానెడు పైన వేలాడతాయి.

ఇచ్చిన చెయ్యి ఒకటే, ఇచ్చిన మనసూ ఒకటే. ఒక బండి బతుకుతెరువైంది, ఇంకోటి బొంతలు పెట్టుకునే స్టాండైంది. వికలాంగులకు సాయం గురించి మనదేశంలో ఎప్పుడు చర్చ వచ్చినా ఒక వర్గం మొదటి బండిని చూపిస్తుంది, ఇంకో వర్గం రెండో బండిని చూపిస్తుంది. రెండూ నిజమే కాబట్టి ఆ వాదన తెగదు. రెండు పక్షాలనూ ఓపిగ్గా వినాలి.

దాతల తరఫున

దానాన్ని వెక్కిరించడం తేలిక. ఫోటోల కోసం ఇస్తారు, పుణ్యం కోసం ఇస్తారు, పన్ను మినహాయింపు కోసం ఇస్తారు అనేస్తే పనైపోతుంది. ఆ మాట అనేముందు అవసరం ఎంతుందో చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లు. వాళ్లలో ఐదో వంతు, అంటే సుమారు 54 లక్షల మందికి కదలికలో ఇబ్బంది. ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అన్ని రకాల వైకల్యాలూ కలిపి 22 లక్షల మందికి పైగా లెక్క తేలారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో ఇచ్చిన నివేదిక ఇంకా పెద్ద బొమ్మ చూపించింది. ప్రపంచంలో 250 కోట్ల మందికి కళ్లజోడో, వినికిడి యంత్రమో, వీల్‌చైరో, ఏదో ఒక సహాయ ఉపకరణం కావాలి. దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదు. ధనిక దేశాల్లో కావాల్సినవాళ్లలో 90 శాతం దాకా అందుతుంటే, కొన్ని పేద దేశాల్లో 3 శాతానికే అందుతోంది. ఇంత ఖాళీ ఉన్నచోట ఒకడు ముందుకొచ్చి ఇస్తానంటే, నీ ఉద్దేశం ఏమిటని నిలదీయడం కడుపు నిండినవాడి తర్కం.

పైగా ఈ రంగంలో గట్టి మార్పులు కొన్ని దాతృత్వం చేతుల మీదుగానే జనంలోకి వెళ్లాయి. జైపూర్ కాలు సంగతే తీసుకోండి. 1960ల చివర్లో జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేఠీ, చేతిపని తప్ప పెద్ద చదువు లేని రామచంద్ర శర్మ కలిసి దాన్ని తయారుచేశారు. అప్పటిదాకా దొరికే విదేశీ కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి. బూటుతో గుళ్లోకి పోలేం, వరిమడిలో దిగలేం, నేల మీద బాసింపట్టు వేసుకుని అన్నం తినలేం, దొడ్డికి గొంతుకు కూర్చోలేం. రబ్బరుతో చేసిన జైపూర్ పాదం ఇవన్నీ చెయ్యనిచ్చింది. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఆ కాలును పైసా తీసుకోకుండా లక్షల మందికి చేర్చింది. తెలుగువాళ్లకు ఆ కాలు 'మయూరి' సినిమాతో పరిచయం. బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలుతో మళ్లీ గజ్జెకట్టి, తన కథలో తానే నటించింది.

మన దగ్గరా ఆ పరంపర ఉంది. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎందరో పోలియో పిల్లల కాళ్లు సరిచేసి పంపింది. విశాఖపట్నంలో డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు ఉచిత పోలియో శస్త్రచికిత్స శిబిరాలతోనే జీవితం గడిపి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. అనంతపురంలో విసెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్యాలిపర్లు, కృత్రిమ కాళ్లు చేయించడంతోపాటు ఊరూరా వికలాంగుల చేత సంఘాలు కట్టించింది.

దాతల దగ్గర ఉన్న ఇంకో సుగుణం తొందర. మనిషిని చూస్తారు, అవసరం కనబడుతుంది, ఇచ్చేస్తారు. సర్కారు దారిలో అయితే వైకల్య ధ్రువపత్రం కోసం సదరం స్లాటు దొరకాలి, క్యాంపుకు వెళ్లాలి, డాక్టరు శాతం వెయ్యాలి, ఆ శాతం 40కి తగ్గకూడదు, ఆదాయ ధ్రువపత్రం కావాలి, ఆధార్‌లో వేలిముద్ర పడాలి. కొత్తగా కాలు పోయిన కూలీకి ఈ కాగితాలు కుదిరేలోపు ఏడాది ఇంట్లోనే గడిచిపోతుంది. ఆ ఏడాదిలో ఎవరో ఒకరు చంకకర్రలు కొనిచ్చారంటే అది చిన్న సాయం కాదు.

ఆకలికి కొలత లేదు, కుర్చీకి ఉంది

ఇప్పుడు రెండో పక్షం. మన దాన సంస్కృతికి అన్నదానం మూలం. ఆకలికి కొలత అక్కర్లేదు. ఎవరి విస్తట్లో వడ్డించినా అదే అన్నం, అదే పప్పు. ఎంతమందికి పెడితే అంత పుణ్యం. ఈ లెక్కనే మనం కుర్చీకీ తెచ్చాం. వంద కుర్చీలు, వందమంది, ఒకటే సైజు, మధ్యాహ్నానికి పని ముగింపు.

అదే కళ్లజోడు విషయంలో ఈ తప్పు చెయ్యం. 2018 ఆగస్టు 15న తెలంగాణలో 'కంటి వెలుగు' మొదలైనప్పుడు ఊరూరా కళ్లు పరీక్షించారు. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడ ఇచ్చారు, పవర్ వేరుగా ఉన్నవాళ్లకు విడిగా చేయించి తెచ్చారు. అందరికీ ఒకే పవరు అద్దాలు పంచితే జనం ఊరుకునేవారా? చెప్పులు దానం చేసేవాడు కూడా పాదం సైజు అడుగుతాడు. వీల్‌చైర్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగితం ఎక్కడికో పోతుంది.

వీల్‌చైర్‌కు కొలత ఎందుకంటారా? సీటు తుంటి వెడల్పుకు సరిపోవాలి. ఎక్కువైతే మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు, ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటే వెన్ను వంకరపోతుంది. సీటు లోతు మోకాలి వెనక రెండు మూడు వేళ్ల సందు మిగిల్చేట్టు ఉండాలి, లేకపోతే చర్మం ఒరుసుకుంటుంది. పాదాలు ఫుట్‌రెస్టు మీద ఆనాలి, ఆనకపోతే బరువంతా తొడల మీదా పిరుదుల మీదా పడుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి నడుము కింద స్పర్శ ఉండదు. గట్టి రెగ్జిన్ సీటు మీద, కుషన్ లేకుండా గంటల తరబడి కూర్చుంటే పుండు పడుతుంది, నొప్పి తెలియదు కాబట్టి ఎముక దాకా పోయేవరకూ పట్టుబడదు. వీల్‌చైర్లో ఉన్న అలాంటివాళ్ల ప్రాణాలు తీసేది చాలాసార్లు ఈ పుండే. అంటే కొలత తప్పిన కుర్చీ పనికిరాకుండా మూలపడటం ఒక నష్టం, పనికొచ్చినట్టు వాడటం ఇంకా పెద్ద నష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే పేద దేశాల కోసం మార్గదర్శకాలు రాసి, కుర్చీ ఇవ్వడాన్ని ఎనిమిది మెట్లుగా విడగొట్టింది: మనిషిని గుర్తించి పిలవడం, పరీక్షించడం, ఏ కుర్చీ కావాలో నిర్ణయించడం, డబ్బు ఏర్పాటు, కుర్చీని సిద్ధం చెయ్యడం, కూర్చోబెట్టి సరిచూడటం, వాడటం నేర్పడం, తర్వాత రిపేర్లు, పరామర్శ. మన క్యాంపులు వీటిలో డబ్బు దగ్గర మొదలై ఫోటో దగ్గర ముగుస్తాయి. మిగతా మెట్లు ఖాళీ.

ఈ సంగతి మన దేశంలో పరిశోధకులు ఎప్పుడో పట్టుకున్నారు. 2005లో ముఖర్జీ, సమంతా అనే ఇద్దరు, దానంగా వచ్చిన వీల్‌చైర్లు తర్వాత ఏమయ్యాయో ఆరా తీశారు. చాలా కుర్చీలు వాడకంలో లేవు. కూర్చుంటే నొప్పి, అలసట, ఇంటా బయటా తిరగడానికి వీలు లేకపోవడం అడ్డొచ్చాయి. తమ వ్యాసానికి వాళ్లు పెట్టిన పేరులోనే తీర్పు ఉంది. ఆ దానాన్ని 'నిరుపయోగమైన ఔదార్యం' అన్నారు.

దీనికి తోడు మనం పెద్దగా పట్టించుకోని ఒక నిబంధన ఉంది. కేంద్రం 1981 నుంచి నడుపుతున్న ఆడిప్ పథకం కింద ఉచితంగా ఉపకరణాలు ఇస్తారు. కానీ గత మూడేళ్లలో అదే అవసరానికి ప్రభుత్వం నుంచి గానీ, స్థానిక సంస్థల నుంచి గానీ, స్వచ్ఛంద సంస్థల నుంచి గానీ సాయం పొంది ఉండకూడదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఈ గడువు ఏడాది. ఒకరే రెండుసార్లు తీసుకోకుండా పెట్టిన షరతు, న్యాయమైనదే. కానీ బొంతల కింద ఉన్న ఆ కుర్చీ ఏం చేసిందో చూడండి. పాపకు పనికిరాలేదు సరే, పనికొచ్చే కుర్చీ కోసం ఏడాదిపాటు సర్కారు తలుపు తట్టే వీలూ లేకుండా చేసింది. ఉచితమే కదా, వాడకపోతే పోయేదేముంది అనే మాట ఇక్కడ చెల్లదు.

హక్కు పక్షం

దానం వద్దనేవాళ్లు చూపించే దారి హక్కు. దానికి కాగితం బలం గట్టిగానే ఉంది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లోనే ఆమోదించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో 7గా ఉన్న వైకల్యాలను 21కి పెంచింది. నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న విద్యార్థులకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా తగిన ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలని చెప్పింది. 'తగిన' అనే మాట చట్టంలోనే ఉంది, గమనించండి. ఇక పింఛన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 2023 నుంచి 4,016. నెలనెలా వచ్చే ఆ డబ్బుకు స్టేజీ ఎక్కనక్కర్లేదు, దండం పెట్టనక్కర్లేదు. హక్కుకూ దానానికీ ఉన్న తేడా ఆ ఒకటో తారీఖున తెలుస్తుంది.

మరి ఉపకరణాల దగ్గర సర్కారు అదే పద్ధతి పాటిస్తోందా? ఇక్కడే హక్కు పక్షం వాదన తడబడుతుంది. 1972లో కాన్పూరులో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో దేశానికి కావాల్సిన ట్రైసైకిళ్లు, క్యాలిపర్లు, కృత్రిమ అవయవాలు తయారుచేస్తోంది. పంపిణీ మాత్రం ఎక్కువగా క్యాంపుల్లోనే. 2020 ఫిబ్రవరి 29న ప్రయాగ్‌రాజ్‌లో ఒకే చోట 26 వేలమందికి పైగా లబ్ధిదారులకు 56 వేలకు పైగా ఉపకరణాలు పంచారు. ముందు వేరే రోజుల్లో పరీక్షలు చేసి పేర్లు రాసుకునే పద్ధతి అక్కడ ఉంటుంది, కాదనను. అయినా అంత జాతరలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎత్తు సరిచూసి, ఎలా నడపాలో నేర్పే తీరిక ఎవరికి ఉంటుంది? స్టేజీ, మైకు, ముఖ్య అతిథి, చేతులు జోడించే లబ్ధిదారు, అన్నీ మా హైస్కూలు గ్రౌండులో చూసినవే. సర్కారు కూడా దాత వేషం కట్టింది, అంతే తేడా.

పేర్లు మార్చడంలో మాత్రం మనకు తీరిక బాగా ఉంది. వికలాంగులన్న మాట బాగాలేదని ప్రధాని 2015లో 'దివ్యాంగులు' అన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులో 'విభిన్న ప్రతిభావంతులు' అని ఉంటుంది. మంచిదే, మాట మర్యాదగా ఉండాలి. ఆ పాప కుర్చీ మాత్రం ఏ పేరుతో పిలిచినా పద్దెనిమిది అంగుళాలే.

పోలియో తరం బండి

తూకం వేసేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కొలత లేకుండా ఇచ్చినా నిమ్మకాయలమ్మే ఆయనకు ఆ బండి ఎందుకు సరిపోయింది?

ఆయనకు పోలియో. కాళ్లు చచ్చుబడ్డాయి కానీ నడుము నిటారుగా నిలుస్తుంది, స్పర్శ పోలేదు, చేతులకు మంచి బలం ఉంది. చిన్నప్పటి నుంచి పాకినవాడి భుజాలు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. చేతి పెడల్ ట్రైసైకిల్ అలాంటి మనిషికి సరిగ్గా నప్పే బండి. రెండంగుళాలు అటూ ఇటూ అయినా సర్దుకుంటాడు. చైను తెగినా, ట్యూబు పోయినా ఊళ్లో సైకిల్ షాపువాడే బాగుచేస్తాడు, ఎందుకంటే దానివన్నీ సైకిల్ సామాన్లే. మన క్యాంపుల పద్ధతి ఆ తరం మీద పెరిగింది. దశాబ్దాల పాటు ఊరికి ఇద్దరు ముగ్గురు పోలియో పిల్లలుండేవారు. అందరికీ ఒకే రకం బండి పంచినా చాలామందికి పనికొచ్చింది. దాతలకు ఆ పద్ధతి మీద నమ్మకం కలగడంలో తప్పులేదు.

కానీ దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించారు. ఇప్పుడు వీల్‌చైర్ కోసం వచ్చే శరీరాలు వేరు. సెరిబ్రల్ పాల్సీ పిల్లలు, కండరాలు క్షీణించే జబ్బున్న పిల్లలు, బైకు ప్రమాదంలో వెన్నెముక విరిగిన కుర్రాళ్లు, తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికులు, షుగరుతో కాలు తీసేసిన పెద్దవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు. వీళ్లలో చాలామందికి నడుము నిలబడదు, లేదా స్పర్శ ఉండదు, లేదా చేతుల్లో బలం ఉండదు. పోలియో తరానికి అచ్చొచ్చిన పద్ధతి వీళ్లకు ఎదురుతిరుగుతుంది. దానం చెడిపోలేదు, దాని ముందు నిలబడ్డ మనుషులు మారారు. క్యాంపు మాత్రం మారలేదు.

ఇంకో వాదన కూడా న్యాయంగా వినాలి. కొలత, శిక్షణ, రిపేరు అన్నీ ఉండాలంటే ఖర్చు పెరుగుతుంది. ముప్పైమందికి ఇచ్చే డబ్బుతో పదిమందికే ఇవ్వగలం. మిగతా ఇరవైమందిని పాకమనాలా? ఇది చాలా కష్టమైన ప్రశ్న. అమెరికా ఇంజనీరు డాన్ షెండార్ఫర్‌ది కూడా ఇదే ప్రశ్న. మొరాకోలో ఒక స్త్రీ రోడ్డు మీద పాక్కుంటూ దాటడం చూసి, చాలా ఏళ్ల తర్వాత 2001లో ఆయన ఫ్రీ వీల్‌చైర్ మిషన్ పెట్టాడు. పెళ్లి పందిట్లో వేసే తెల్ల ప్లాస్టిక్ కుర్చీలాంటి దానికి సైకిల్ చక్రాలు బిగించాడు. తొలి కుర్చీలు తెచ్చిందీ మన దేశానికే. ఒకే సైజు కుర్చీ పుండ్లు తెస్తుందని నిపుణులు మండిపడ్డారు. నేల మీద ఉన్నవాడిని పైకి లేపాం కదా అని ఆయన వర్గం వాదించింది. చివరికి ఆ సంస్థే రకరకాల సైజుల్లో, సర్దుకునే ఫుట్‌రెస్టులతో కొత్త నమూనాలు తెచ్చింది. ఎక్కువమందికి ఇవ్వాలన్న పట్టుదల వదల్లేదు, కొలత ఉండాలన్న విమర్శనూ తోసెయ్యలేదు. ఈ రెంటికీ పొత్తు కుదురుతుందనడానికి అదే సాక్ష్యం.

జైపూర్ కాలు విజయం వెనకా ఈ గుట్టే ఉంది. అది ఉచితమే, క్యాంపుల్లో ఇచ్చేదే. అయినా మిగిలిన కాలి మొండి కొలత తీసి, అచ్చు పోసి, అక్కడికక్కడే తొడిగి నడిపిస్తారు. అరిగితే మళ్లీ రమ్మంటారు. తొందరలో బిగింపు సరిగ్గా కుదరడం లేదని దాని మీదా నిపుణుల విమర్శలు రాకపోలేదు. ఆ విమర్శ కూడా కొలత గురించే.

కాబట్టి ముప్పైమందా, పదిమందా అన్న ప్రశ్నకు నా జవాబు మనిషిని బట్టి ఉంటుంది. నడుము నిలిచి, స్పర్శ ఉండి, చేతుల్లో సత్తువ ఉన్నవాళ్లకు మామూలు బండి వెంటనే ఇవ్వండి, ఆలస్యమే వాళ్లకు హాని. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు, వెన్ను దెబ్బతిన్నవాళ్లకు కొలత లేని కుర్చీ ఇవ్వకండి, వాళ్ల విషయంలో తొందరే హాని. ఈ రెండు వరసలూ విడదీయడానికి ఒక ఫిజియోథెరపిస్టు ఒక పూట కూర్చుంటే చాలు.

గడప అవతల

ఎంత కొలిచి చేసిన కుర్చీ అయినా గడప దగ్గర ఆగిపోతుంది. మన ఇళ్లకు పసుపు రాసి బొట్టుపెట్టే గడప ఉంటుంది, దాని ముందు అరుగు, అరుగు కింద రెండు మూడు మెట్లు. ర్యాంపుకు లెక్క ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల వాలు కావాలి. అడుగున్నర అరుగుకు పద్దెనిమిది అడుగుల ర్యాంపు. అంత వాకిలి ఎంతమందికుంది? మరుగుదొడ్డి తలుపులోంచి కుర్చీ పట్టదు. బస్సు మెట్టు అందదు. బళ్లో ర్యాంపు కడతారు, దాని మొదట్లో ఎవరో సైకిళ్లు పెడతారు.

ఈ పని ఏ దాత వల్లా కాదు. ఇక్కడ సర్కారే కదలాలి. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కూడా ఇదే. బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండటం గురించి నిబంధనలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరిగా పాటించేలా ఉండాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసింది. అందరికీ సరిపోయే కొలతలు వెతకడం అన్న అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. కోర్టు హాల్లో తేలిందీ, పాప ఇంట్లో తేలిందీ ఒకటే మాట.

నా తీర్పు

దానం ఆగకూడదు. సర్కారు వచ్చి అందరికీ అన్నీ ఇచ్చేదాకా ఆగమంటే, నిమ్మకాయలమ్మే ఆయన ఇప్పటికీ హవాయి చెప్పులు చేతులకు తొడుక్కునే ఉండేవాడు. కానీ దానం సంఖ్య మోజులోంచి బయటపడాలి. కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టే సంస్థలూ, క్లబ్బులూ, పుట్టినరోజుకు పది బండ్లు ఇచ్చే నాయకులూ, అమెరికా నుంచి ఊరికి డబ్బు పంపే మనవాళ్లూ ఈసారి నాలుగు ప్రశ్నలు అడగండి. కొలత ఎవరు తీశారు? వాడటం ఎవరు నేర్పారు? ముందు చిన్న చక్రం విరిగితే ఎక్కడ దొరుకుతుంది? ఆరు నెలల తర్వాత ఇంటికెళ్లి ఎవరు చూస్తారు? జవాబు లేకపోతే వంద కుర్చీల్లో ఇరవై తగ్గించి, ఆ డబ్బుతో జవాబులు కొనండి. మండలానికొక సైకిల్ మెకానిక్‌కు వీల్‌చైర్ రిపేరు నేర్పించి, నాలుగు బేరింగులు, నాలుగు చక్రాలు అతని దగ్గర పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. ఆ మెకానిక్ వీల్‌చైర్లో కూర్చునే మనిషే అయితే ఇంకా మంచిది.

సర్కారు చెయ్యాల్సింది దాతతో పోటీపడటం కాదు. దాత చెయ్యలేనివి చెయ్యాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టులను ఖాళీలు లేకుండా నింపాలి. పెరిగే పిల్లలకు కొలత మారినప్పుడల్లా కుర్చీ మార్చాలి. పనికిరాని కుర్చీ వచ్చిందని నిపుణుడు రాసిస్తే గడువు నిబంధన సడలించాలి.

ఆ పాప సంగతి చెప్పి ముగిస్తాను. భవిత కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఒకరోజు పాపను గోడకు ఆనించి, టేపుతో అన్ని వైపులా కొలిచి, ఒక కాగితం మీద బొమ్మ గీసిచ్చింది. ఊళ్లో వడ్రంగి రెండు రోజుల్లో చెక్కతో మూల కుర్చీ చేశాడు. వెనక రెండు పలకలు పుస్తకంలా తెరుచుకుని ఉంటాయి, పాప వాటి మధ్య ఒదుగుతుంది. కాళ్లు విడిగా ఉండటానికి మధ్యలో చిన్న దిమ్మె, ముందు కంచం పెట్టుకునే బల్ల. ఇప్పుడు పాప అందులో కూర్చుని తన చేత్తో తాను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, సగం కింద పడుతుంది. కొలత తీయడానికి పట్టింది ఇరవై నిమిషాలు. ఆ కుర్చీకి ఇంకా చక్రాలు లేవు.